బంతి గుండ్రం

సెబువానో భాషలో ఒక మాట ఉంది: "లింగిన్ ఆంగ్ బోలా." బంతి గుండ్రంగా ఉంటుంది, అంతే. ఆట ముందో ఎన్నికల ముందో అంటే, ఎటు దొర్లుతుందో ఎవరు చెప్పగలరు అని అర్థం. టగాలోగ్‌లో ఇదే "బిలోగ్ ఆంగ్ బోలా." మన "ఏ పుట్టలో ఏ పాముందో"కి దగ్గరి చుట్టమే గానీ, మనదాంట్లో భయం ఉంది, వాళ్ళదాంట్లో ఆశ ఉంది. దావావ్‌లో మెడిసిన్ చదువుతున్న మా పిన్ని కొడుకు నోట ఇది విన్నప్పటినుంచీ ఆ ఆశ ఎక్కడిదా అని వెతుకుతున్నాను.

"లింగిన్" ఆ నేల మాట. "బోలా" స్పెయిన్ నుంచి వచ్చింది. ఆశకి పునాది మాత్రం బంతి కన్నా ముందే కోడిపందాల బరిలో పడిందని నాకనిపిస్తుంది. 1521లో మాజెలన్ నౌకల్లో వచ్చిన పిగఫెట్టా, పలవాన్‌లో పందెం కోళ్ళని చూసి రాసిపెట్టాడు. గెలుస్తుందనుకున్న కోడి "లియమాడో", ఓడుతుందనుకున్నది "దెహాడో". రెండూ స్పానిష్ మాటలే. గోదావరి జిల్లాలవాళ్ళకి ఇంతకంటే వివరించక్కర్లేదు. ఇప్పుడు బలహీనుడైన ఆటగాడూ, అభ్యర్థీ కూడా దెహాడోలే.

అమెరికన్లు బాస్కెట్‌బాల్ తెచ్చారు. ఎత్తే బలమైన ఆటని పొట్టివాళ్ళు ప్రాణంగా చేసుకున్నారు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఫిలిప్పీన్స్ ఓడింది ఒక్క అమెరికా చేతిలోనే. 1954 ప్రపంచ పోటీల్లో కాంస్యం గెలిచింది. అదే ఏడాది ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్లో, అంతకుముందు తమని 8-3తో చిత్తు చేసిన హంగరీని పశ్చిమ జర్మనీ 3-2తో ఓడించింది. "బంతి గుండ్రం" అన్న మాట జర్మనీలో ఆ జట్టు కోచ్ హెర్బెర్గర్ పేరుమీదే చెలామణీలో ఉంది.

అయితే ఇదంతా అదృష్టమేనా? ఆ 8-3 మ్యాచ్‌లో హెర్బెర్గర్ కావాలనే ముఖ్యమైన ఆటగాళ్ళని పక్కన కూర్చోబెట్టాడు. సెబు పక్కనే ఉన్న మక్తాన్‌లో 1521 ఏప్రిల్ 27న లాపులాపు మనుషుల చేతిలో మాజెలన్ చచ్చిపోయాడు. తుపాకుల ముందు బల్లేలు గెలవడం వింతగానే ఉంటుంది. కానీ పిగఫెట్టా లెక్క చూడండి: ఒడ్డుకి దిగినవాళ్ళు 49 మంది, ఎదురు నిలిచినవాళ్ళు 1500 మంది. తీరంలో నీళ్ళు లోతు లేక పడవలు దూరంగానే ఆగిపోయాయి, వాటిలోని ఫిరంగులు అక్కరకు రాలేదు.

ఊహించని ఫలితం అంటాం గానీ, చాలాసార్లు అది ఒకవైపే లెక్కేసినవాళ్ళకి మాత్రమే ఊహించనిది. బంతి గుండ్రం అంటే ఎటైనా పోతుందని కాదు. ఆట ఇంకా తేలలేదని, అందాకా సాధన ఆపొద్దని. దెహాడోకి అంతకు మించిన ధైర్యం ఏం కావాలి?