చాప్లిన్ బాల్యానికి వోచర్లు

రక్షణ శాఖ లెక్కల విభాగంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఎవరేం చెప్పినా ‘వోచరు ఏదీ?’ అని అడగడం అలవాటైపోయింది. సినిమావాళ్ల ఆత్మకథలంటే ఈ అనుమానం మరీ ఎక్కువ. చిన్ననాటి పేదరికాన్ని కాస్త పెంచి చెబితే, తర్వాత ఎక్కిన మెట్లు ఇంకాస్త ఎత్తుగా కనబడతాయి కదా!

చార్లీ చాప్లిన్ 1964లో, 75 ఏళ్ల వయసులో అచ్చువేసిన ఆత్మకథను కూడా అదే అనుమానంతో చదివాను. అందుకు కారణం ఉంది. 1916లో ఆయన చెప్పిన కథగా ఒక పుస్తకం తయారైంది. అందులో ఆయన ఫ్రాన్స్‌లో పుట్టాడని ఉంది. ఆయన లాయర్లే దాన్ని ఆపించారు. 1964 పుస్తకంలో మాత్రం 1889 ఏప్రిల్ 16న లండన్‌లోని వాల్‌వర్త్‌లో పుట్టానన్నాడు. జనన ధృవపత్రం లేదు. 1950లలో బ్రిటిష్ గూఢచారి విభాగం వెతికినా దొరకలేదు. నాటకాలవాళ్ల పత్రిక ఒకటి 1889 మేలో ఈ జననాన్ని ప్రకటిస్తూ తేదీ 15 అని వేసింది. ఆయన బర్మింగ్‌హామ్ దగ్గర జిప్సీల బండిలో పుట్టాడని చెప్పే ఉత్తరం ఒకటి 2011లో బయటపడింది. ఆ ఉత్తరం ఒకరి మాట మాత్రమే, రుజువు కాదు.

మొదటి పేజీకే ఇన్ని అబ్జెక్షన్లు ఉంటే మిగతా పుస్తకాన్ని ఎలా నమ్మడం? ఇక్కడే లండన్ రిజిస్టర్లు ఆదుకున్నాయి.

తండ్రి మ్యూజిక్ హాల్ గాయకుడు, తాగుబోతు. తల్లి హన్నా కూడా స్టేజీ గాయనే. గొంతు పోయాక కుట్టుపని మీద బతికింది. 1896లో తల్లీ, ఇద్దరు కొడుకులూ వర్క్‌హౌస్‌లో చేరారు. వర్క్‌హౌస్ అంటే దిక్కులేనివాళ్లకు కూడు పెట్టి, చాకిరీ చేయించుకుని, తల్లినీ పిల్లల్నీ విడదీసి ఉంచే చోటు. ఏడేళ్ల చార్లీని అక్కణ్ణించి హాన్‌వెల్‌లోని అనాథల బడికి పంపారు. 1898 జనవరి దాకా అక్కడే ఉన్నాడు. ఇవన్నీ గుమాస్తాలు ఏ రోజుకారోజు రాసిపెట్టిన పద్దులు. ఆ కుర్రాడు పెద్ద స్టారవుతాడని వాళ్లకేం తెలుసు? అందుకే ఆ పద్దులకు విలువ.

నన్ను ఆపేసిన పద్దు ఒకటుంది. 1898 ఆగస్టులో తల్లీ పిల్లలూ ఒకే రోజు విడుదలయ్యారు, అదే రోజు మళ్లీ చేరారు. నా సర్వీసులో ఇలాంటిది కనబడితే పొరపాటున రాసి సరిదిద్దిన పద్దు అనుకుని దాటేసేవాణ్ణి. ఆత్మకథ చదివితే సంగతి తెలుస్తుంది. పిల్లల్ని చూడాలనిపించి, ఆ తల్లి ‘మేం వెళ్లిపోతున్నాం’ అని నోటీసు ఇచ్చింది. పెద్దవాడు సిడ్నీ దగ్గరున్న తొమ్మిది పెన్నీలతో నల్ల చెర్రీ పళ్లు కొనుక్కుని, కెన్నింగ్టన్ పార్కులో గడిపి, సాయంత్రానికి తిరిగొచ్చి మళ్లీ చేరారు. అరవై ఆరేళ్ల తర్వాత ఆయన రాసిన మాటా, గుమాస్తా రాసిన పద్దూ సరిపోయాయి.

1903లో తల్లికి మతి చలించింది. పద్నాలుగేళ్ల చార్లీ ఆమెను ఆసుపత్రికి నడిపించుకుపోయాడు. చచ్చిపోయినవాళ్లు కిటికీలోంచి చూస్తున్నారని ఆమె అంటోందని అతను చెప్పిన మాట ఆనాటి వైద్య పత్రంలో ఉంది. మన ఊళ్లలో అయితే గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరికి లాక్కెళ్లి వేపమండలతో కొట్టించేవాళ్లు. ఆ కుర్రాడికి దయ్యం ఆలోచన రాలేదు. ఆకలి వల్లే అమ్మకిలా అయిందని పెద్దయ్యాక కూడా నమ్మాడు.

ఇక అసలు విషయం. వ్యక్తిత్వ వికాస ఉపన్యాసకులు చాప్లిన్‌ని చూపించి ‘కష్టాలే మనిషిని గొప్పవాణ్ణి చేస్తాయి’ అంటారు. ‘అంతా తలరాత’ అంటారు ఇంకొందరు. రెండూ తప్పుడు లెక్కలే. హాన్‌వెల్ బడిలో వందల మంది పిల్లలు అదే గంజి తాగారు, అవే దెబ్బలు తిన్నారు. వాళ్లలో చాలామంది ఆత్మకథ రాయలేదు. వచ్చిన లాభం ఒక్కటే చూపి నష్టాలన్నీ దాచేస్తే దాన్ని ఏ ఆడిటరూ ఒప్పుకోడు. చార్లీకి తోడ్పడినవి లెక్కకు అందే కారణాలే. అమ్మానాన్నలది స్టేజీ బతుకు కనుక ఆ విద్య ఇంట్లోనే ఉంది. పిల్లల డాన్సు బృందంలో చేరడానికి తండ్రి పరిచయం పనికొచ్చింది. 1908లో కార్నో కంపెనీలోకి సిడ్నీయే తీసుకెళ్లాడు. ప్రతిభ ఉంది, నిజమే. అది ఆకలి వల్ల పుట్టలేదు, ఆకలి ఉన్నా బతికి బయటపడింది.

ఇంత రాశాక నా ఖాతా కూడా చూపించాలి. మా అబ్బాయి ఇంటర్ తప్పినప్పుడు, ‘నేను వీధి దీపం కింద చదివి పైకొచ్చాను, నీకేం తక్కువైందిరా’ అని నిలదీశాను. ఆ మాట చాలాసార్లే అన్నాను. రెండేళ్ల కిందట మా అక్క నవ్వుతూ, ‘ఒరే, నువ్వు ఏడో తరగతికి వచ్చేసరికే మనింటికి కరెంటొచ్చింది. వీధి దీపం కింద చదివింది నాన్న’ అంది. నేను అబద్ధమాడలేదు. నాన్న కథను ఎప్పుడో నా కథగా నమ్మేశాను. ఆ కథతో కొడుకుని కొట్టాను.

కిందటి ఆదివారం వాడికి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

‘తెలుసు నాన్నా, అత్త నాకెప్పుడో చెప్పింది’ అన్నాడు.