పేరు లేని జబ్బు, లెక్కకి రాని చావులు

డేటాబేసులతో కుస్తీ పట్టేవాళ్ళందరికీ తెలిసిన సంగతే: టేబుల్లో గడి లేని విషయం రిపోర్టులోకి రాదు. రిపోర్టులోకి రానిది పైవాళ్ళ దృష్టిలో లేనట్టే. వైద్యచరిత్రలో దీనికి మెసోథీలియోమాని మించిన ఉదాహరణ నాకైతే కనబడలేదు.

దీన్ని అరుదైన ఊపిరితిత్తుల కేన్సరు అనేస్తుంటారు గానీ, నిజానికిది ఊపిరితిత్తిది కాదు, దాని చుట్టూ ఉండే పల్చటి పొరది (ప్లూరా అంటారు). కొందరికి కడుపులోని పొరకీ వస్తుంది. ఇంత చిన్న తేడాకి ఇంత రాద్ధాంతమా అనుకోకండి, దశాబ్దాల గొడవంతా దాని మీదే నడిచింది.

ఈ పొర మీద గడ్డల్ని 19వ శతాబ్దంలోనే శవపరీక్షల్లో చూశారు. ఒక్కొక్కరు ఒక్కో పేరు పెట్టారు. 1931లో న్యూయార్కులో క్లెంపరర్, రాబిన్ అనే ఇద్దరు అయిదు కేసులు పరిశీలించి, ఒకేచోట గడ్డ కట్టేది, పొరంతా పాకేది అని రెండు రకాలుగా విడదీశారు. మెసోథీలియోమా అన్న పేరు నిలబడింది అప్పట్నించే. అయినా రూపర్ట్ విల్లిస్ లాంటి పెద్ద పెద్ద పెథాలజిస్టులు నమ్మలేదు. ఇది ఇంకెక్కడో పుట్టి ఇక్కడికి పాకిన కేన్సరేమో అని వాళ్ళ అనుమానం. అసలు మూలం దొరకలేదా? అయితే మీరు సరిగ్గా వెతకలేదు! ఇలాంటి వాదాన్ని ఎలా గెలుస్తారు చెప్పండి?

ఆ ముడి విప్పింది దక్షిణాఫ్రికా. కింబర్లీలో టీబీ ఆసుపత్రి చూసుకునే డాక్టర్ స్లెగ్స్‌కి ఒక విచిత్రం కనబడింది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరి వచ్చినవాళ్ళలో, ఊరికి తూర్పు నించి వచ్చినవాళ్ళు టీబీ మందులకి కోలుకుంటున్నారు. పడమటి నించి వచ్చినవాళ్ళు కోలుకోవట్లేదు. పడమట ఉన్నవి నీలి ఆస్బెస్టాస్ కొండలు. మరోపక్క జొహానెస్‌బర్గులో వాగ్నర్ అనే పెథాలజిస్టుకి 1956లో ఒక గని కార్మికుడి శవపరీక్షలో ఈ కేన్సరు ఎదురైంది. బతికున్నప్పుడు ఆ మనిషికి టీబీ అనే చెప్పారు. వీళ్ళిద్దరూ, సర్జన్ మార్చండ్ కలిసి 1960లో 33 కేసులు ప్రచురించారు. ఒక్కరు తప్ప అందరికీ ఆ నీలి ఆస్బెస్టాస్‌తో ఏదో ఒక సంబంధం ఉండే ఉంటుందని తేలింది. తమాషా ఏంటంటే (తమాషా అనకూడదేమో), వీళ్ళలో చాలామంది గనిలో పనిచేసినవాళ్ళు కాదు. ఇల్లాళ్ళు, పశువుల కాపర్లు. చిన్నప్పుడు ఆ దుమ్ములో పెరిగినవాళ్ళు. దుమ్ము పీల్చిన దశాబ్దాల తర్వాత జబ్బు బయటపడింది.

1965లో లండన్లో న్యూహౌస్, థాంప్సన్ అనే ఇద్దరు మహిళలు తమ ఆసుపత్రిలో 1917 నించి పోగుపడిన రికార్డులు తిరగేశారు. వివరాలు దొరికిన 76 మందిలో 31 మంది ఆస్బెస్టాస్ పని చేసినవాళ్ళు. 9 మంది అలాంటి పనివాళ్ళ ఇంట్లో ఉన్నవాళ్ళు. మిగిలిన 36 మందిలో 11 మంది ఫ్యాక్టరీకి అరమైలు లోపు కాపురమున్నవాళ్ళు. కేసులు అన్నేళ్ళూ అక్కడే ఉన్నాయి. ఏం పని చేసేవాడు, ఎక్కడ ఉండేవాడు అని కలిపి చూసినవాళ్ళే లేరు.

ఇక గడి సంగతి. మరణకారణాలకి అంకెలిచ్చే అంతర్జాతీయ పట్టిక ఐసీడీ తొమ్మిదో కూర్పు దాకా ఈ జబ్బుకి సొంత అంకె లేదు. పదో కూర్పులో సీ45 ఇచ్చారు. అమెరికా తన మరణాల లెక్కల్లో దాన్ని వాడడం మొదలెట్టింది 1999లో, అంటే వాగ్నర్ పేపరు వచ్చిన 39 ఏళ్ళకి! 1931 నాటి విభజన కూడా మారిపోయింది. ఒకేచోట గడ్డ కట్టే రకంలో ఎక్కువ భాగం వేరే జాతి అని తేలి బయటికి పోయింది. ఇప్పుడు కణాల తీరుని బట్టి ఎపిథీలియాయిడ్, సార్కొమటాయిడ్, రెండూ కలిసినది అని మూడు రకాలు. ఇది ఉత్త పేర్ల గోల కాదు, మొదటి రకం వాళ్ళు మిగతావాళ్ళ కంటే ఎక్కువకాలం బతుకుతారు, వైద్యమూ దాన్ని బట్టే ఉంటుంది.

మనకెందుకంటారా? కడప జిల్లా పులివెందుల వైపు కూడా ఆస్బెస్టాస్ తవ్వారు. అది తెల్ల రకం, అదీ కేన్సరు కారకమే. దేశంలో తవ్వకాలు తగ్గినా దిగుమతులు ఆగలేదు, రేకుల ఇళ్ళూ పోలేదు. మన దగ్గర ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందంటే ముందు అనుమానించేది టీబీనే, అది న్యాయమే కూడా. కానీ మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఎప్పుడో ముప్ఫై నలభై ఏళ్ళ కిందట గనిలోనో, రేకుల ఫ్యాక్టరీలోనో పనిచేసి ఉంటే, డాక్టరు అడక్కపోయినా ఆ ముక్క మీరే చెప్పండి.