మామ్మ మునిగిన తుల్యభాగ

మా మామ్మకి మురుగు కాలవ అనే మాట గిట్టేది కాదు. మండపేట నుంచి గొల్లల మామిడాడ రాముడి గుడికి వెళ్ళినప్పుడల్లా, బస్సు వంతెన ఎక్కగానే చెంగు ముడి విప్పి పావలా తీసి కిటికీలోంచి విసిరేది. ‘మురుగు కాలవలో డబ్బులెందుకే మామ్మా’ అని ఒకసారి అన్నాను. మొట్టికాయ పడింది. ‘మురుగేంట్రా వెధవా, గోదారి తల్లి. తుల్యభాగ.’

సప్తర్షులు గోదావరిని ఏడు పాయలుగా చీల్చి తెచ్చారనీ, ద్రాక్షారామం గుడి పక్కన సప్త గోదావరి గుండం అందుకే వెలసిందనీ మా వైపు చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. తుల్య, ఆత్రేయ, గౌతమి, వృద్ధ గౌతమి, భారద్వాజ, కౌశిక, వశిష్ఠ. మామ్మ వేళ్ళు మడుస్తూ ఈ పేర్లు చెప్పేది. వీటిలో ఇవాళ నది అని చెప్పుకోదగ్గవి గౌతమి, వశిష్ఠ. తక్కినవి చాలావరకు సన్నటి ఏళ్ళు, డ్రైన్లు. నిండా నీళ్ళు మోసే వైనతేయకేమో ఈ ఏడింటిలో చోటు లేదు. గరుత్మంతుడి పేరున్న పాయ కదా, ఋషుల పంక్తిలో కూర్చోనివ్వలేదు కాబోలు.

పుష్య బహుళ అమావాస్యని మా వాళ్ళు చొల్లంగి అమావాస్య అంటారు. కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో ఉంటుంది చొల్లంగి. తుల్యభాగ సముద్రంలో కలిసేది అక్కడే. సప్తసాగర యాత్ర ఆ రోజు అక్కడ మునకతో మొదలై, పాయ పాయకీ సంగమ స్నానం చేసుకుంటూ, మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేది చేరుతుంది. నేను ఏడో తరగతిలో ఉండగా మామ్మ మా వీధి ఆడవాళ్ళతో ఆ యాత్రకి బయల్దేరింది. చొల్లంగి దాకా నన్నూ తీసుకెళ్ళింది.

తెల్లవారుజాము చలి. గట్టు దిగితే పిక్కల దాకా నల్లటి బురద. అందులోంచి మేకులు దిగేసినట్టు మడ చెట్ల వేళ్ళు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. తిల్ల చెట్టు కొమ్మ విరవబోతే అక్కడి పల్లెకారాయన గట్టిగా కేకేశాడు. దాని పాలు కంట్లో పడితే చూపు పోతుందిట. మామ్మ మూడు మునకలేసి, దోసెడు నీళ్ళు నా నోట్లో పోసింది. ఉప్పన. అయితే సముద్రమంత ఉప్పన కాదు. ‘గోదారి ఉందా లేదా అందులో?’ అని అడిగింది. ఉందన్నాను, చలికి పళ్ళు టకటకలాడుతుంటే. నన్ను తెలిసినవాళ్ళతో ఇంటికి పంపించేసి తను ముందుకు సాగిపోయింది.

ఆ రుచి ఏడాది పొడుగునా ఒకలా ఉండదు. ఇంద్రావతి, శబరి కొండల్లో కురిసిన వాన పాపికొండల సందులోంచి ఎర్రనీరుగా దిగే రోజుల్లో గోదారి తీపి సముద్రాన్ని వెనక్కి నెడుతుంది. పులస ఎదురీదేదీ ఆ నీటికే. వేసవిలో ఉప్పు మళ్ళీ పైకెక్కుతుంది. ఈ రెంటి మధ్య పెరిగిందే కోరంగి మడ అడవి. 1978లో అభయారణ్యం చేశారు. బావురు పిల్లి అక్కడ చేపలు పట్టుకు తింటుంది.

నది తెచ్చేది నీళ్ళే కాదు, ఒండ్రు కూడా. కాకినాడ ఎదురుగా సముద్రంలో హోప్ ఐలాండ్ అనే ఇసుక దిబ్బని అదే పోసింది. కోరంగి రేవునీ అదే పూడ్చింది. ఓడలు కట్టి, బాగుచేసి, రంగూన్‌కి నడిపిన రేవది. బర్మాలో తెలుగువాళ్ళందరికీ కోరంగీలనే పేరు పడిపోయింది. 1789లోనూ 1839లోనూ ఉప్పెనలు ఆ ఊరిని ముంచాయి. మిగిలిన పని ఒండ్రు చేసింది.

మామ్మ మాటకి సాక్ష్యం చెప్పింది మా నాన్న. ఆయన కాలవల మీద లస్కరు. దేవుడి సంగతులు పెద్దగా పట్టవు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. అప్పటినుంచి గోదావరి నీళ్ళు లాకులు దాటి, తూముల్లోంచి పంట బోదెల్లోకి, బోదెల్లోంచి చేలల్లోకి నడుస్తున్నాయి. చేను తాగ్గా మిగిలింది మురుగు బోదెలో పడి, డ్రైన్లో కలిసి, చొల్లంగి చేరుతుంది. ‘మీ మామ్మ తప్పు చెప్పలేదు. అది గోదారే. కాకపోతే మన చేలమీదుగా వెళ్తోంది’ అన్నాడు, చేతిలో షట్టరు తిప్పే ఇనప కడ్డీతో.

నాకూ అదే సబబనిపిస్తుంది. ఋషి తెచ్చాడో లేదో గానీ, కొండల మీద పడిన నీళ్ళు మా ఊడ్పుల మీంచి వెళ్ళి మామ్మ దోసిట్లో పడ్డాయి. నాకున్న బాధల్లా, పేరు మారగానే మర్యాద కూడా మారిపోవడం. పంట కాలవ గండి పడితే ఊరంతా పరిగెడుతుంది. డ్రైన్ పూడితే కార్తీకంలో తుఫాను వచ్చి, పండిన చేను మోకాలి లోతున మునిగేదాకా ఎవరికీ గుర్తురాదు.

మొన్న మామిడాడ వెళ్ళాను. వంతెన మీద బస్సు నెమ్మదించింది. ముందు సీట్లో ఒకావిడ దణ్ణం పెట్టుకుని నాణెం విసిరింది. కింద నీళ్ళు కనపడకుండా గుర్రపుడెక్క, ఊదారంగు పూలతో విరగబూసి ఉంది. బుడుంగుమని చప్పుడు రాలేదు. తొంగి చూస్తే, రూపాయి ఒక ఆకు దోనెలో ఆగి, ఎండకి తళతళలాడుతోంది.