నంబరు వచ్చువరకు

మోటారు బండి కొనబోయినవాడు రొక్కము చేతబట్టుకొనియు అంగడివాని యెదుట ప్రాధేయపడి నిలువవలసివచ్చుట యే యొక్క వర్తకుని దుర్గుణమువలననో పుట్టినది కాదు. అది కొరతవలన మొలకెత్తి, ప్రభుత్వోత్తరువుల నీడలో మూడు దశాబ్దములు పెరిగి, ఆ యుత్తరువులు రద్దయిన పిమ్మటగూడ చావక నిలిచిన యాచారము. దాని పుట్టుపూర్వోత్తరములు తెలిసిననేగాని నేటి షోరూములోని చల్లని గాలికిని, సిబ్బంది మందహాసములకును, తుదకు చేతికందు బిల్లునకును గల పొత్తు బోధపడదు.

స్వాతంత్ర్యమునకు పూర్వము స్థితి వేరు. జనరల్ మోటార్సువారు 1928లో బొంబాయియందు విడిభాగములను కూర్చి కార్లను సిద్ధపరచు కర్మాగారమును నెలకొల్పిరి. కొలది సంవత్సరములలో ఫోర్డువారును మన దేశమున అట్టి యేర్పాటునే చేసికొనిరి. కొనగలవారు కొద్దిమంది, అమ్మజూపువారు పెక్కుమంది యైనందున జమీందారులకును, పేరుమోసిన వకీళ్లకును అంగళ్లలో ఆదరము కొదువ లేకుండెను. ఆలస్యము జరిగినను అది ఓడప్రయాణమువలననో, కొనువాని విలాసమువలననో కలిగినదేగాని అమ్మువాని దర్పమువలన కాదు. హైదరాబాదు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను తనకై ప్రత్యేకముగ కట్టింప నెంచిన రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్టు, 1911లో ఆయన మరణించిన పిదపగాని నగరము చేరలేదు. సింహాసనమువంటి యాసనముతో, పసుపువన్నెతో వెలుగు ఆ బండి నేడు చౌమహల్లా ప్యాలెసులో నున్నది. బండి చేతికందకముందే కొనువాడు గతించుట మన చరిత్రలో అదియే మొదటిసారి కావచ్చును. కడసారి మాత్రము కాదు.

1951 నాటి పరిశ్రమల చట్టముతో, ఎవరు ఏ వస్తువును ఎంత తయారుచేయవలెనో ఢిల్లీలో నిర్ణయించుట మొదలయ్యెను. దేశములోనే భాగములను తయారుచేయు సంకల్పము లేనివారికి ఇక్కడ తావు లేదని 1953లో టారిఫ్ కమిషను అభిప్రాయపడగా ఫోర్డు, జనరల్ మోటార్సు వెడలిపోయినవి. అటుపై కారు కోరువానికి ప్రధానముగ మిగిలినవి మూడు దారులు: కలకత్తా చెంత ఉత్తరపాడలో హిందుస్థాన్ మోటార్సువారి అంబాసిడరు, బొంబాయి కుర్లాలో ప్రీమియరువారి ఫియట్, మద్రాసులో స్టాండర్డువారి హెరాల్డు. విదేశీమారకపు కరవు ఒకవైపు, కారు ధనికుల భోగవస్తువనెడి భావము మరొకవైపు ఉత్పత్తిని బిగబట్టి యుంచినవి. ఆ భావమును నేను పూర్తిగా తప్పుపట్టను. బస్సులును, ట్రాక్టర్లును చాలని దేశమున ఉక్కును కార్లకు వెచ్చించుటకు సంకోచించుట న్యాయమే. అయితే కొరతను సమముగ పంచుటకై యేర్పరచిన పద్ధతియే క్రొత్త అసమత్వమును గల్పించెను.

ఆ పద్ధతి కార్లకు 1959లోను, స్కూటర్లకు 1960లోను వెలువడిన పంపిణీ నియంత్రణ ఉత్తరువులలో నున్నది. కొనగోరువాడు డీలరు వద్దకు బోయి దరఖాస్తు నింపవలెను. పోస్టాఫీసు సేవింగ్సు ఖాతాలో నిర్ణీతమైన ధరావతు కట్టి, ఆ పాసుబుక్కును డీలరుకు తాకట్టు పెట్టవలెను. డీలరు తన రిజిస్టరులో వరుసక్రమమున అతని పేరు వ్రాసి నంబరు నొసగవలెను. వచ్చిన బండిని నిర్ణీతకాలము గడచువరకు మరల నమ్మరాదు. కాగితముమీద ఇంతకన్న ధర్మబద్ధమైన యేర్పాటు కానరాదు. కాని యా వరుసకు పక్కన మరికొన్ని వరుసలుండెను. ప్రభుత్వ కార్యాలయములకు కోటా, కొన్ని తెగల యుద్యోగులకు కోటా, విదేశములనుండి డాలర్లు తెప్పింపగలవారికి వేరొక కోటా. అమెరికాలో వైద్యుడుగా నున్న తమ్ముడు సొమ్ము పంపినచో కొన్ని మాసములలో స్కూటరు గుమ్మములోనికి వచ్చుచుండగా, అదే వీథిలో బడిపంతులు తన నంబరునకై వత్సరములు గడుపుచుండెను.

డీలరు స్థితియు ఈ కాలముననే మారిపోయెను. వచ్చిన ప్రతి బండికి ముందుగనే యజమాని యుండుటచే అమ్మకమను కళతో ఆతనికి పని లేకపోయెను. చూపించుటకు బండి లేదు, పొగడుటకు అవసరము లేదు, తగ్గించుటకు ధర లేదు. ఆతడు వర్తకుడుగా నుండి రేషను దుకాణదారుడాయెను. కాకున్న, రేషను దుకాణమునకు వచ్చువారు బీదలు, ఇచటికి వచ్చువారు డాక్టర్లు, ప్రొఫెసర్లు, ఇంజనీర్లు. అట్టివారును నెలకొకసారి వచ్చి, “మా నంబరు ఎంతవరకు వచ్చిందండీ?” అని గుమాస్తాను వినయముగ నడిగి పోవుచుండిరి. రిజిస్టరు తెరచిచూచు హక్కు తమకు గలదో లేదో ఎరిగినవారు అరుదు. ఆ రిజిస్టరు పుటలలో పేర్లు ముందునకు నడచుటకును, వెనుకకు జారుటకును గల కారణములను ఊహించుట కష్టము కాదు.

స్కూటరు విషయమున ఈ నిరీక్షణము తెలుగు కుటుంబ జీవితములోనికే చొచ్చుకొనివచ్చెను. బజాజువారు 1960 ప్రాంతమున వెస్పాను తయారుచేయ నారంభించి, ఇటలీ ఒప్పందము ముగిసిన పిమ్మట 1972లో చేతక్‌ను వెలువరించిరి. 1970ల నాటికి ఆ బండికొరకు కాచియుండవలసిన కాలము పదేండ్లవరకు పోయెను. కట్నములో స్కూటరు పేర్కొనుట ఆనవాయితీ యైన యా రోజులలో అల్లునికి మాట యిచ్చిన మామకు రెండే మార్గములు: కూతురు బడికి పోవు వయస్సులోనే బుక్ చేసియుండుట, లేక బ్లాకులో కొనుట. కొన్న మరునాడే ఎక్కువ ధరకు అమ్ముడుపోవు వస్తువు లోకమున మరెచటనైన నుండెనేమో కాని, వాడిన బండి క్రొత్తదానికన్న ప్రియమగుట మాత్రము విచిత్రమే. హైదరాబాదు ఆల్విన్‌వారు పుష్పక్ స్కూటరును తెచ్చినను, లక్నోనుండి విజయ్ సూపర్ వచ్చినను, జనుల మనస్సు చేతక్‌నందే లగ్నమై యుండుటచే ఆ వరుస కురుచ కాలేదు.

నంబరు వచ్చిన నాడైనను సంతోషము నిర్మలముగ నుండెడిది కాదు. రంగు ఎన్నుకొనుట యను ప్రసక్తి లేదు. కోరిన రంగే కావలెనన్నచో మరల వెనుకకు పోవలెను. సీటు కవర్లు, అదనపు సామగ్రి మొదలగువానిని తీసికొనక తప్పదన్న డీలరుతో వాదించుటకు ధైర్యము చాలదు. ఇంటికి తెచ్చిన క్రొత్త కారును ముందు మెకానిక్కు వద్దకు తోలుట వివేకమని పెద్దలు చెప్పుచుండిరి. ఫిర్యాదులు పెరిగి, కార్ల నాణ్యతను విచారించుటకు 1967లో ప్రభుత్వము ఒక సంఘమునే నియమింపవలసివచ్చెను. 1969లో ధరలను చట్టరీత్యా నిర్ణయింపగా తయారీదారులు సుప్రీంకోర్టువరకు పోయి పోరాడిరి. ధరనుగూర్చి అంత తగవు జరిగినది కాని, కొనువాడు ధరావతు కట్టి కాచియుండిన యేండ్లకు విలువ కట్టినవారు లేరు.

1983లో మారుతి వచ్చెను. పదివేల రూపాయలు ధరావతుగ గట్టి లక్షకు పైబడి జనులు పేర్లు నమోదు చేయించుకొనగా లాటరీ తీసి వరుస నిర్ణయించిరి. ఆ యేడు డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి కారు తాళపుచెవిని ఢిల్లీలోని యొక విమానసంస్థ ఉద్యోగికి స్వయముగ నిచ్చెను. రిజిస్టరు స్థానమున యంత్రము చీట్లు తీయుట గొప్ప మార్పే. పుట తిప్పు గుమాస్తాను బతిమాలవలసిన పని తప్పెను. అయినను కారు చేజిక్కినవాడు దానిని లాభమునకు మారుబేరము చేయుట ఆగలేదు. 1986లో వినియోగదారుల రక్షణ చట్టము వచ్చి ఫిర్యాదుకొక చోటు దొరకెను. 1993లో కార్ల తయారీకి లైసెన్సు విధానము తొలగెను. ఆ దశాబ్దము ముగియులోపల విదేశ కంపెనీలు వరుసగ దిగినవి. కొరత తీరెను. ఎన్నడో ఒకసారి, 2009లో నానో కారుకువలె, రెండు లక్షల పైచిలుకు బుకింగులును, లాటరీయు మరల కానవచ్చినను అది పాతకాలపు ప్రతిధ్వని మాత్రమే.

అయితే డీలరు చేతినుండి అధికారము పూర్తిగ జారిపోలేదు. అది బిల్లులోని గడులలోనికి మారెను. షోరూము ధర, లైఫ్ టాక్సు, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు అను వరుసల నడుమ హ్యాండ్లింగు ఛార్జీలని మరియొక వరుస కానవచ్చును. బండిని కర్మాగారమునుండి తెచ్చి తుడిచి యుంచినందులకట! పెక్కు సందర్భములలో వినియోగదారుల కమిషన్లు ఈ సొమ్మును తిరిగి యిప్పించినవి. కమిషను గడప త్రొక్కు తీరిక కొనువారిలో నూటికొకనికైనను ఉండదని డీలర్లకును తెలియును. నాడు బ్లాకులో రశీదు లేక చేతులు మారిన సొమ్మునకు నేడు రశీదు గూడ దొరకుచున్నది. ప్రశ్నించినవానికి, “అందరూ కడుతున్నారు సార్” అను మాటయే సమాధానము. ఇన్సూరెన్సును తనకు నచ్చిన కంపెనీ వద్ద తీసికొను స్వేచ్ఛ కొనువానికి కలదు. కాని యా మాట పైకి అన్నవానికి, తాను కోరిన రంగు బండి వచ్చుటకు మరి మూడు వారములు పట్టునని అప్పుడే తెలియవచ్చును.