వెలిగండ్లకు వాన నీళ్లే మంచినీళ్లు

1970 ఫిబ్రవరి దాకా వెలిగండ్ల నెల్లూరు జిల్లా కనిగిరి తాలూకాలోది. అందుకే మా నీళ్ల చరిత్ర వెతకాలంటే నెల్లూరు కాగితాలే తిరగేయాలి. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో అచ్చువేయించిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాల్లో, చెరువు తవ్వించినవాళ్లకూ తెగిన కట్ట పోయించినవాళ్లకూ ఇచ్చిన దశబంధం మాన్యాల మాట కనబడుతుంది. చెరువును కాపాడితేనే ఆ మాన్యం నిలిచేది. వాగు నుంచి చెరువుకు వచ్చే కాలువ పూడిక తీయడం ఇంటికొకరు చొప్పున ఊరంతా చేయాల్సిన పని. దాన్ని కుడిమరామత్తు అనేవారు. రానివాళ్లను రప్పించడానికి మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో చట్టమే చేశారు.

ఆ నీళ్ల వల్ల మాకు వచ్చే బాధకు వైద్యులు పేరు పెట్టింది 1937లో. షార్ట్ అనే డాక్టరూ, ఆయన సహచరులూ నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుములు బిగుసుకుపోయిన మనుషుల్ని పరీక్షించి, కారణం నీళ్లలోని ఫ్లోరైడ్ అని తేల్చారు. రాతిలోని ఖనిజాల నుంచి అది నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. ఆ సంగతి తెలిశాక కూడా మనం చెరువుల్ని వదిలి, బోర్ల వెంటపడి రాతిలోకే దిగాం. ఇది మన తరం చేసిన పెద్ద తప్పు అని నా అభిప్రాయం.

ఇప్పుడు శుద్ధి ప్లాంటు నుంచి తెచ్చే ఇరవై లీటర్ల నీళ్ల టిన్ను లేనిదే ఇల్లు గడవదు. ఆ ప్లాంటులో శుద్ధి చేయగా మిగిలే నీళ్లలో ఫ్లోరైడ్ మరింత చిక్కబడుతుంది. వాటిని కాలువలోకి వదిలితే మళ్లీ మన నేలలోకే ఇంకుతాయి. తొట్టిలో పట్టి మరుగుదొడ్లకైనా వాడడం సబబు.

అంతకంటే నాకు నచ్చిన ఆలోచన మిద్దె నీళ్లు. వాన నీళ్లకు రాతితో పొత్తు లేదు, కాబట్టి వాటిలో ఫ్లోరైడ్ బెడదా లేదు. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 900 లీటర్లకు పైగా నీళ్లు. తాగడానికీ వంటకూ రోజుకు 20 లీటర్లు చాలు అనుకుంటే, ఒక ఇంటికి నెల దాటి వస్తాయి. తొలివాన దుమ్ముతో సహా బయటికి పోనిచ్చి, తర్వాతి నీళ్లను జల్లెడ గుండా మూత ఉన్న తొట్టిలోకి మళ్లించాలి. వెలుతురు తగిలితే పాచి పడుతుంది. తాగే ముందు కాచుకోవాలి. మా వైపు నుంచి బేల్దారి పనికి బెంగుళూరు వెళ్లిన మేస్త్రీలు అక్కడి అపార్ట్‌మెంట్లకు సంపులు కడుతున్నారు. ఆ పనితనం సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు ఇక్కడా అక్కరకొస్తుంది.

చెరువుల సంగతికొస్తే, ముందు కాలువల్లోని చిల్లకంప వేళ్లతో సహా పోవాలి. పైన నరికితే మళ్లీ గుబురుగా లేస్తుంది. పూడిక మట్టి కంది, సజ్జ చేలకు తోలుకోవచ్చు. వెలిగొండ ప్రాజెక్టు వస్తుంది కదా అంటారు. 1996లో శంకుస్థాపన జరిగింది, శ్రీశైలం నీళ్ల కోసం కొండలో 18.8 కిలోమీటర్ల సొరంగాలు తవ్వారు. రావాలి, అడుగుతూనే ఉందాం. వచ్చిన నీళ్లు నిలవడానికైనా ఈ చెరువులే కావాలి.

మొదటి వాన నీళ్ల తొట్టి మాత్రం అంగన్‌వాడీకి, ప్రాథమిక పాఠశాలకు కట్టాలి. ఫ్లోరైడ్ పళ్లను పాడుచేసేది ఎనిమిదేళ్ల లోపే.