పన్నెండో నంబరు పడవ: ‘సిటీ ఆఫ్ బెనారస్’ మునకలో ఎవరి మాట మిగిలింది?

టార్పెడో తగిలిన ఓడ అనగానే మనకు పేలుడే గుర్తొస్తుంది. 1940 సెప్టెంబరు 17 రాత్రి ఉత్తర అట్లాంటిక్‌లో మునిగిన ‘సిటీ ఆఫ్ బెనారస్’ గురించి బతికి బయటపడ్డవారు చెప్పినవి వరసగా చదివితే చిత్రం మారుతుంది. పేలుడుకు పోయినవారు కొందరే. పడవలు దింపడంలో జరిగిన తారుమారు, ఆపైన తెల్లవార్లూ పట్టిన చలి అంతకంటే ఎక్కువమందిని తీసుకుపోయాయి. అంతే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఆ చలిని అందరితో పాటు భరించిన భారతీయ నావికుల గొంతు ఈ సాక్ష్యాల్లో దాదాపు వినబడదు. ఈ రెండు విషయాలనూ విడదీసి చూడలేమన్నది ఈ వ్యాసం వాదన.

ఎల్లర్‌మన్ కంపెనీకి చెందిన ఈ 11 వేల టన్నుల ఓడను 1936లో కట్టారు. జర్మన్ బాంబుల నుంచి పిల్లల్ని కాపాడేందుకు బ్రిటిష్ ప్రభుత్వం చేపట్టిన పథకం కింద 90 మంది పిల్లలు ఇందులో కెనడా బయలుదేరారు. ఓడ సెప్టెంబరు 13న లివర్‌పూల్ వదిలింది. సిబ్బందిలో అధికభాగం లాస్కర్లు, అంటే బ్రిటిష్ ఓడల్లో పనిచేసే భారతీయ నావికులు. తలపాగాలు చుట్టుకుని వడ్డించిన వాళ్లను చూసి అబ్బురపడ్డామని ఆనాటి పిల్లలు ముసలితనంలో కూడా చెప్పుకున్నారు. గమనించాల్సింది ఏమిటంటే, ఓడ తేలి ఉన్నంతసేపే ఆ జ్ఞాపకాల్లో లాస్కర్లకు రంగూ రూపూ ఉన్నాయి.

17వ తేదీ తెల్లవారుజామున రక్షణగా వచ్చిన యుద్ధనౌక వెనుదిరిగింది. తీరం వందల మైళ్ల దూరాన ఉంది. యు-48 జలాంతర్గామి మొదట వదిలిన రెండు టార్పెడోలూ గురి తప్పాయి. తర్వాతది రాత్రి పది దాటాక ఓడ వెనుకభాగాన, పిల్లల గదుల కింద తగిలింది. నిద్రలో ఉన్న పిల్లలు చీకట్లో, విరిగిపడ్డ చెక్కల మధ్య దారి వెతుక్కుంటూ డెక్కు మీదికి రావలసి వచ్చింది. అరగంటలో ఓడ మునిగింది.

ఆ అరగంటలో ఏం జరిగిందో వివరంగా చూడాలి. లైఫ్ బోటును రెండు కొసలా తాళ్లు కట్టి దించుతారు. రెండు తాళ్లూ సమంగా వదలాలి. ఒక కొస ముందుగా జారితే పడవ నిట్టనిలువుగా వేలాడి, అందులోవాళ్లు గంపలోంచి ఒలికిన గింజల్లా సముద్రంలో పడతారు. ఓడ అప్పటికే ఒరుగుతోంది, గాలివాన, ఎత్తైన అలలు. కొన్ని పడవలు అలాగే తలకిందులయ్యాయి. కొన్ని నీళ్లు నిండినా లోపలి గాలిడబ్బాల వల్ల మునగలేదు. వాటిలో మిగిలినవాళ్లు నడుంలోతు చల్లటి నీళ్లలో కూర్చున్నారు. చలి మొదట వణికిస్తుంది, తర్వాత మత్తెక్కిస్తుంది. నిద్రపోయినవాళ్లు పడవలోంచి జారిపోయారు. ఇద్దరు బాలికలు మాత్రం బోర్లాపడిన పడవ అడుగుచెక్కను పట్టుకుని రాత్రంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా వేలాడి బతికారు.

బెనారస్‌తో కలిసి గుంపుగా సాగుతున్న మిగతా ఓడలు ఆగలేదు. దాడి జరిగితే చెదిరిపోవాలన్నదే ఆజ్ఞ. ఆగిన ఓడ మరో గురి అవుతుంది. దాదాపు 300 మైళ్ల అవతల ఉన్న హరికేన్ అనే డిస్ట్రాయర్ మర్నాడు మధ్యాహ్నానికి చేరి వందమందికి పైగా ఎక్కించుకుంది. అదే రాత్రి మునిగిన ‘మరీనా’ ఓడ పడవ ఒకటి దానికి దొరికింది. దాన్ని బెనారస్ పడవగా లెక్కేయడంతో అన్ని పడవలూ దొరికాయనుకున్నారు. నిజానికి పన్నెండో నంబరు పడవ ఇంకా నీళ్లమీదే ఉంది.

అందులో 46 మంది. ఆరుగురు అబ్బాయిలు, వాళ్లను కనిపెట్టుకుని ఉన్న సంగీతం టీచరు మేరీ కార్నిష్, ఒక ఫాదరీ, కొద్దిమంది బ్రిటిష్ సిబ్బంది. మిగిలిన మూడింట రెండు వంతులూ లాస్కర్లే. ఎనిమిది రోజులు గుక్కెడు నీళ్లు, ఓడ బిస్కెట్టు, కాస్త డబ్బా చేపముక్క. కార్నిష్ పిల్లలకు కథలు చెబుతూ వాళ్ల కాళ్లు రుద్దేది. సెప్టెంబరు 25న ఒక సండర్‌ల్యాండ్ విమానం వాళ్లను చూసింది. ఆంథొనీ అనే డిస్ట్రాయర్ రక్షించింది. యుద్ధం నడుస్తుండగానే ఎల్స్‌పెత్ హక్స్‌లీ కార్నిష్ అనుభవాన్ని పుస్తకంగా రాసింది. ఇంపీరియల్ వార్ మ్యూజియం తర్వాత ఈ ఓడలో బతికిన పిల్లల మాటలు రికార్డు చేసింది.

ఈ కథనాల్లో పడవలోని లాస్కర్లు ఒక గుంపు. నిస్సత్తువగా కూర్చున్నారనీ, ప్రార్థన చేసుకున్నారనీ అంటారు. దీన్ని స్వభావం కింద తోసేయడం నాకు సరిగా తోచదు. ఓడలో ఏ పని, ఏ బట్టలు, ఏ భాష అన్నవి పడవలో ఎవరు ఆజ్ఞ ఇస్తారో, ఎవరికి చలి ముందు ఎక్కుతుందో నిర్ణయించాయి. వెచ్చటి డెక్కు కోటు ఉన్నవాడి ఓర్పునూ, పలచటి నూలు బట్టలవాడి ఓర్పునూ ఒకే కొలతతో తూచలేం. జీతం కూడా బ్రిటిష్ నావికుడి దానిలో చిన్న భాగమే. యుద్ధం మొదలవగానే, 1939లో, లాస్కర్లు జీతాల పెంపుకోసం సమ్మె కట్టి జైళ్లపాలయ్యారు కూడా. నోరు లేనివాళ్లేమీ కాదు. వాళ్ల నోటి మాట రాసుకోవడానికి ఎవరూ రాలేదు.

మొత్తం సుమారు 260 మంది చనిపోయారు. 90 మంది పిల్లల్లో 77 మంది. లాస్కర్లలో సగానికి పైగా. పిల్లల మరణం పథకాన్నే ఆపేయించింది. బ్రిటిష్ నావికుల పేర్లు లండన్ టవర్ హిల్ స్మారకం మీద చెక్కి ఉన్నాయి. భారతీయ వాణిజ్య నావికులను బొంబాయి, చిట్టగాంగ్ స్మారకాల పేర్ల పుస్తకాల్లో నమోదు చేశారు. ఆ పుస్తకాల్లో పేర్లు దొరుకుతాయి గానీ పడవలో గడిచిన రాత్రి దొరకదు. దానికి దగ్గరగా వెళ్లాలంటే సరంగుల, అంటే లాస్కర్ల మేస్త్రీల, ద్వారా జరిగిన నియామకాల దారి పట్టాలి. సిబ్బంది ఒప్పంద పత్రాల్లోని ఊళ్ల పేర్లను సిల్హెట్, కొంకణ్ కుటుంబాల నోటి జ్ఞాపకాలతో కలిపి చదవాలి. కార్నిష్ గాథను మళ్లీ చెప్పడం కంటే ఇదే ఇప్పుడు జరగాల్సిన పని.