చుక్కాని పట్టిన యంత్రము

సైకిలు తొక్కుట క్రొత్తగా నేర్చుకొనుచున్న బాలుని ఎప్పుడైన గమనించితిరా? బండి త్రోవకు ఎడమగా పోయినదని తెలియగానే బలముగా కుడివైపునకు త్రిప్పును. అది త్రోవ దాటి అవతలికి పోవును. మరల ఇటు త్రిప్పును. ఇట్లు వంకరటింకరగా పోయి తుదకు కాలువలో దిగును. ఆరితేరినవాడు బండి ఎంత తొలగినదో మాత్రమే చూడడు. ఎంత త్వరగా తొలగుచున్నదో కూడ చూచి, ముందుగానే సర్దుకొనును.

ఓడ చుక్కానికిని ఇదే న్యాయము. కాని మనిషికి బదులు యంత్రము చుక్కాని పట్టవలెనన్నచో దానికి మొదట దిక్కు తెలియవలెను. ఉక్కుతో కట్టిన ఓడలో అయస్కాంతపు సూదిని నమ్ముట కష్టము. వేగముగా తిరుగు బొంగరము తన ఇరుసు దిక్కును విడువదు. ఈ గుణమునకు భూభ్రమణమును, గురుత్వాకర్షణను జతపరచినచో ఇరుసు నిజమైన ఉత్తరమునకు తిరిగి నిలుచును. 1908లో జర్మనీ యుద్ధనౌకపై అన్షూట్జ్-కెంప్ఫే, 1911లో అమెరికా యుద్ధనౌకపై ఎల్మర్ స్పెర్రీ ఇట్టి గైరో దిక్సూచులను పరీక్షించిరి. మరి పదేండ్లు దాటులోగా ఈ దిక్సూచిని చుక్కానికి జతచేసిన స్వయంచాలక యంత్రములు వచ్చినవి. నావికులు వాటిని వేడుకగా ‘మెటల్ మైక్’ అని పిలిచిరి.

అనుభవముగల నావికుడు చుక్కానిని ఎట్లు త్రిప్పునో గమనించి, ఆ నేర్పును గణితములో పెట్టినవాడు నికొలాస్ మినోర్‌స్కీ. ఇతడు రష్యాలో పుట్టి అమెరికాకు వలసపోయిన ఇంజనీరు. ఓడ ఇప్పుడు ఎంత తొలగియున్నది, ఎంత వేగముగా తొలగుచున్నది, ఇంతవరకు తొలగిన మొత్తమెంత అను మూడు అంశములను బట్టి చుక్కాని త్రిప్పవలెనని అతడు 1922లో ప్రకటించెను. మరుసటి సంవత్సరము ‘న్యూ మెక్సికో’ అను యుద్ధనౌకపై పరీక్ష జరిగినది. యంత్రము చక్కగానే పనిచేసినది. ఓడలపై పనిచేయువారికి మాత్రము అది నచ్చలేదు. నేడు కర్మాగారములలో ఉష్ణోగ్రతను, పీడనమును అదుపుచేయు పరికరములలోను ఈ మూడంశముల సూత్రమే కనబడును. నా విద్యార్థులు దీనిని సమీకరణముగా వల్లించుదురు. దీని వెనుక చక్రము పట్టిన నావికుని చేతులున్నవని చెప్పినచో నమ్మలేనట్లు చూతురు.

యంత్రము చేతిపనిని ఇట్లు నేర్చుకొన్నది. కంటిపని అంత సులభముగా రాలేదు.

తరువాత కంప్యూటర్లు వచ్చినవి. ఓడ ఉన్న చోటును ఉపగ్రహ సంకేతములు తెలుపసాగినవి. 1995 జూన్ 9వ తేదీన ‘రాయల్ మెజెస్టీ’ అను ప్రయాణికుల ఓడ 1509 మందితో బెర్ముడా నుండి బోస్టనుకు బయలుదేరెను. గంట తిరుగకముందే ఉపగ్రహ సంకేతములను అందుకొను ఏరియలు తీగ ఊడిపోయినది. గ్రాహకయంత్రము మొరాయించలేదు, మొరాయించినను బాగుండెడిది! ఓడ వేగమును, దిక్కును బట్టి లెక్కకట్టి, ఉండవలసిన చోటునే ఉన్న చోటుగా చూపసాగెను. ఆ సంగతిని తెరపై చిన్న అక్షరములలో తెలిపెను గాని ఎవరును గమనింపలేదు. చుక్కాని పట్టిన యంత్రము ఆ లెక్కనే నమ్మెను. గాలియు అలలును ఓడను పడమటికి నెట్టుచుండెను.

చోటు తెలుపు మరియొక రేడియో పరికరము ఆ గదిలోనే ఉన్నది. ఎవరును రెంటిని పోల్చి చూడలేదు. కావలివారు ముందు నీలము, తెలుపు రంగుల నీరు కనబడుచున్నదని చెప్పిరి. అధికారి త్రోవ మార్చలేదు. సుమారు 34 గంటల ప్రయాణము తరువాత, అనుకొన్న చోటికి 17 మైళ్ల దూరమున, నాన్‌టకెట్ ద్వీపము వద్ద ఓడ ఇసుకమేటపై ఎక్కినది. అదృష్టవశమున ఎవరికిని ప్రాణహాని కలుగలేదు.

ఓడలు ఢీకొనకుండ ఏర్పరచిన 1972 నాటి అంతర్జాతీయ నియమములలో అయిదవదాని ప్రకారము ప్రతి ఓడయు ఎల్లవేళల చూపుతోను, వినికిడితోను, అందుబాటులోనున్న ఇతర సాధనములన్నిటితోను కావలి కాయవలెను. మనుష్యులు లేని ఓడలో కెమెరా చూచినది ‘చూపు’ అగునా? ఇది నేడు న్యాయవేత్తలు, ఇంజనీర్లు కలిసి చర్చించుచున్న ప్రశ్న.

నార్వేవారు ‘యారా బిర్కెలాండ్’ అను 80 మీటర్ల విద్యుత్ ఓడను కట్టించిరి. ఇది పోర్ష్‌గ్రున్‌లోని ఎరువుల కర్మాగారమునుండి బ్రేవిక్ రేవునకు సరకు పెట్టెలను చేరవేయును. ఒకసారి 120 పెట్టెలు పట్టును. తుదకు మనుష్యులు లేకయే నడువవలెనను ఉద్దేశముతోనే దీనిని రూపొందించిరి. రాడారులు, కెమెరాలు అన్నియు అమర్చిరి. 2022లో అది వర్తకపు రాకపోకలు ప్రారంభించినపుడు మాత్రము పైన నావికులు నిలబడి చూచుచునే ఉండిరి.